గెలిచావని స్క్రీన్ చెప్పింది, కుదరదని సైటు అంది: ఆన్‌లైన్ జూదం తగాదాలు ఎక్కడ తేలతాయి?

ఆన్‌లైన్ జూదం సైటుకూ కస్టమర్‌కూ గొడవ అనగానే చాలామందికి ముందు తట్టేది ఆటలో మోసం. కార్డులు ముందే సర్దేశారనో, చక్రాన్ని తమకు కావాల్సిన చోట ఆపేశారనో అనుకుంటారు. అలాంటివి జరగలేదని కాదు, ఒకటి కింద చెప్తాను కూడా. కానీ ఫిర్యాదులు ఎక్కువగా ఆట దగ్గర పుట్టవు, డబ్బు వెనక్కి తీసుకునే దగ్గర పుడతాయి. డిపాజిట్ అర నిమిషంలో తీసుకున్న సైటే, విత్‌డ్రాయల్ అడిగేసరికి పాస్‌పోర్ట్ కాపీ, కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని దిగిన ఫొటో కావాలంటుంది. అన్నీ పంపాక "మీ ఖాతా పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యమే వారాల తరబడి జవాబుగా వస్తుంటుంది.

ఈ తగువులు ఎందుకింత చిక్కుముడిగా ఉంటాయో తెలియాలంటే ముందు ఒక సంగతి గమనించాలి. డబ్బు సైటు దగ్గరే ఉంది. నిబంధనలు రాసింది సైటే. ఏ క్షణాన ఏం జరిగిందో చెప్పే రికార్డు ఉన్నది కూడా సైటు సర్వర్లోనే. సొమ్ము, రూల్సు, సాక్ష్యం మూడూ ఒకే పక్షం గుప్పిట్లో ఉన్నప్పుడు న్యాయం ఎవరి వైపు ఉందన్నది రెండో ప్రశ్న అవుతుంది. ఈ సైటు మెడలు వంచగలిగినవాళ్లు పైన ఎవరైనా ఉన్నారా అన్నదే మొదటి ప్రశ్న. నా లెక్కలో చాలా కేసులు దీని మీదే తేలిపోతాయి.

కోర్టు తలుపులు ఆలస్యంగా తెరుచుకున్నాయి

బ్రిటన్‌నే తీసుకుందాం. అక్కడ 1845 నాటి గేమింగ్ యాక్ట్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లేది కాదు. గెలిచినవాడికి బుకీ డబ్బు ఎగ్గొట్టినా, ఓడినవాడు బుకీకి ఎగ్గొట్టినా కోర్టు పట్టించుకునేది కాదు. మరి అంత పెద్ద వ్యాపారం ఎలా నడిచింది? పరువు మీద, వెలి భయం మీద. గుర్రప్పందేల తగాదాలను టాటర్‌సాల్స్ కమిటీ అనే సంఘం విని తేల్చేది. తీర్పు చెప్పినా బాకీ కట్టనివాడి పేరు జాకీ క్లబ్‌కు వెళ్లేది, ఆ తర్వాత అతన్ని రేసు మైదానాల్లో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. 2005 గ్యాంబ్లింగ్ యాక్ట్‌లోని 335వ సెక్షన్ ఈ పద్ధతిని మార్చి, పందెం ఒప్పందాన్ని కోర్టులో చెల్లేలా చేసింది. అది అమల్లోకి వచ్చింది 2007 సెప్టెంబరు 1న. అప్పటికి ఇంటర్నెట్‌లో కాసినోలు పుట్టి పదేళ్లు దాటింది.

పందెం ఒప్పందం చెల్లదన్న సూత్రం ఇప్పటికీ నడుస్తున్న దేశాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట కూర్చుని, ఇంకెక్కడో లైసెన్సున్న సైటులో ఆడి గెలిచినవాడికి సొంత దేశపు కోర్టు పెద్దగా ఆసరా ఇవ్వదు. లైసెన్స్ ఇచ్చిన దేశమేమో అతను తమ పౌరుడు కాదు కదా అన్నట్టు చూస్తుంది.

పత్రాలు, బోనస్‌లు

గుర్తింపు పత్రాలు అడగడం తప్పేమీ కాదు. నల్లడబ్బు చలామణి నిరోధక చట్టాల ప్రకారం సైటు వాటిని అడిగి తీరాలి. కిరికిరి అంతా ఎప్పుడు అడుగుతారన్న దాంట్లో ఉంది. ఓడిపోతున్నన్ని రోజులూ మీరెవరో ఎవరికీ పట్టదు, గెలిచిన రోజు మాత్రం పుట్టిన తేదీ దగ్గర్నుంచి ఆరా మొదలవుతుంది. అందుకే బ్రిటన్ నియంత్రణ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ 2019 మే నుంచి ఒక నియమం పెట్టింది: పేరు, చిరునామా, పుట్టిన తేదీ ఆడనిచ్చే ముందే సరిచూసుకోవాలి. ముందే అడగగలిగిన వివరాన్ని విత్‌డ్రాయల్ రోజున కొత్తగా తెచ్చి అడ్డం పెట్టకూడదు.

ఇక్కడ కస్టమర్ల వైపు నుంచి జరిగే పొరపాట్లు కూడా తక్కువేం కాదు. భార్య కార్డుతోనో తమ్ముడి ఖాతా నుంచో డిపాజిట్ చేసి, గెలుపు తన పేరు మీద అడగడం మామూలుగా కనిపించే తప్పు. ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఇద్దరు చెరో ఖాతా తెరిచి ఇద్దరూ కొత్త కస్టమర్ బోనస్ తీసుకోవడం ఇంకొకటి. రెండు సందర్భాల్లోనూ మధ్యవర్తి దగ్గరికి వెళ్లినా సైటు మాటే నెగ్గే అవకాశం ఎక్కువ.

ఈ ఆలస్యంలో ఒక ఎర కూడా ఉంటుంది. విత్‌డ్రాయల్ "పెండింగ్"లో ఉన్నన్ని రోజులూ దాన్ని రద్దు చేసి మళ్లీ ఆడుకునే బటన్ స్క్రీన్ మీద ఊరిస్తూ కనబడుతుంది. చాలామంది టెన్షన్‌లో, విసుగులో దాన్ని నొక్కేస్తారు. రెండు రోజులు పోయాక తగువే ఉండదు, ఎందుకంటే డబ్బే ఉండదు. బ్రిటన్ 2021 అక్టోబరులో ఈ బటన్‌ను పూర్తిగా తీసేయించింది. ఇంకా చాలా చోట్ల అది అలాగే ఉంది.

బోనస్ గొడవలు అర్థం కావాలంటే ఒక లెక్క వేసి చూడాలి. 1,000 డిపాజిట్ చేస్తే ఇంకో 1,000 బోనస్ ఇస్తామన్నారు, షరతు 35 రెట్ల పందెం. అంటే బోనస్ మీద గెలిచింది బయటికి తీయాలంటే 35,000 విలువైన పందేలు కాయాలి. నూటికి సగటున 96 తిరిగిచ్చే స్లాట్‌లో (బొమ్మల చక్రాలు తిప్పే ఆటలో) ఆడారనుకోండి, 35,000 మీద సగటు నష్టం 1,400. ఇచ్చిన బోనసేమో 1,000. ఆ 35 రెట్లు డిపాజిట్, బోనస్ రెండింటి మీదా అని చిన్న అక్షరాల్లో ఉంటే పందెం 70,000, నష్టం 2,800. బ్లాక్‌జాక్ లాంటి ఆటల్లో కాసిన పందెంలో 10 శాతమే లెక్కలోకి వస్తుందంటే 35,000 కాస్తా మూడున్నర లక్షలవుతుంది. ఈ లెక్కలో మోసం లేదు, అంతా రాసే ఉంటుంది. చదివేవాళ్లే ఉండరు.

నాకు మరీ అన్యాయంగా అనిపించేది గరిష్ఠ పందెం షరతు. బోనస్ నడుస్తున్నప్పుడు ఒక్క స్పిన్‌కు 5 యూనిట్ల కంటే ఎక్కువ కాయకూడదని ఉంటుంది. వేల స్పిన్‌లలో ఒక్కటి 6 పడినా మొత్తం గెలుపు రద్దు. ఎన్ని పందేలు కాశారో దశాంశాలతో సహా లెక్క పెట్టగల సాఫ్ట్‌వేర్‌కు ఆ ఆరో యూనిట్‌ను ఆపడం ఒక పనా? ఆపకుండా వదిలేసి, గెలిచాక వెనక్కి తిరిగి తవ్వి తీయడాన్ని నేనైతే నియమం అనను, ఉచ్చు అంటాను. నియంత్రణ సంస్థలు కూడా మెల్లగా ఇటే జరుగుతున్నాయి. 2018లో బ్రిటన్ వ్యాపార పోటీ నియంత్రణ సంస్థ జోక్యం చేసుకున్నాక లాడ్‌బ్రోక్స్, విలియం హిల్ వంటి కంపెనీలు బోనస్ షరతులు మార్చుకుంటామని హామీ రాసిచ్చాయి. సొంత డబ్బుతో ఆడి గెలిచింది ఎప్పుడైనా తీసుకోవచ్చన్నది అందులో ముఖ్యమైనది. 2026 జనవరి నుంచి అక్కడ పందెం షరతు 10 రెట్లు దాటకూడదు.

క్రీడల పందేల్లో తగువులు వేరే రకం. ఫుట్‌బాల్ ఫలితం 90 నిమిషాలకా, అదనపు సమయంతో కలిపా? టెన్నిస్‌లో గాయమై ఒకరు మధ్యలో వెళ్లిపోతే పందెం నిలుస్తుందా? ఒక సైటు ఒక సెట్ అయితే చాలంటుంది, ఇంకొకటి మ్యాచ్ మొత్తం ముగియాలంటుంది. ఇవి రూల్సు పేజీ తెరిస్తే తేలిపోయేవి. ధర (గెలిస్తే ఎంతకు ఎంత ఇస్తారన్న లెక్క) తప్పు పడిందంటూ పందెం రద్దు చేయడం మాత్రం ఎప్పుడూ రగిలే విషయమే. గెలిచే జట్టు ధర ఓడే జట్టుకు పడి అటూ ఇటూ మారిపోతే, అది తప్పని కాసినవాడికీ తెలుసు. కానీ మామూలు కంటే కాస్త ఎక్కువగా పడిన ధరను మ్యాచ్ అయిపోయాక "పొరపాటు" అంటే, ఓడి ఉంటే ఆ పొరపాటు గుర్తొచ్చేదా అన్న ప్రశ్న వస్తుంది. రద్దు ఎప్పుడు చేశారు, మ్యాచ్‌కు ముందా తర్వాతా అన్నది ఇలాంటి ఫిర్యాదులో మొదట రాయాల్సిన విషయం.

సాఫ్ట్‌వేర్ తప్పు ఎవరి నెత్తిన?

2020 అక్టోబరు. బ్రిటన్‌లో ఒకామె ప్యాడీ పవర్ సైటులో వైల్డ్ హ్యాటర్ అనే స్లాట్ ఆడుతోంది. జాక్‌పాట్ చక్రం వచ్చింది, తిప్పింది, "మాన్‌స్టర్ జాక్‌పాట్" దగ్గర ఆగింది. స్క్రీన్ మీద 10,97,132 పౌండ్ల పైచిలుకు. ఖాతాలో పడింది 20 వేల పౌండ్లు చిల్లర. అడిగితే సైటు చెప్పిన వివరణ ఇది: సర్వర్లో యాదృచ్ఛిక సంఖ్య తీసింది చిన్న జాక్‌పాట్‌నే, దాన్ని బొమ్మగా చూపించే భాగంలో ప్రోగ్రామింగ్ తప్పు జరిగి చక్రం పెద్ద జాక్‌పాట్ మీద ఆగింది. స్క్రీన్‌కూ సర్వర్‌కూ తేడా వస్తే సర్వర్ మాటే చెల్లుతుందని షరతుల్లో ఉంది.

2025 మార్చిలో హైకోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది. చక్రం ఎక్కడ ఆగితే ఆ జాక్‌పాట్ అని ఆట నిబంధనలే చెబుతున్నాయి. దానికి అడ్డంగా వేరే పత్రంలో ఎక్కడో దాగి ఉన్న షరతును, కస్టమర్ దృష్టికి సరిగ్గా తేకుండా, ఆమె మీద రుద్దడం కుదరదంది. సైటు తన పరీక్షల లోపాన్నీ నిర్లక్ష్యాన్నీ మొత్తంగా ఆడేవాళ్ల నెత్తిన వేయడం మరీ భారమైన షరతు అని జడ్జి తప్పుపట్టారు.

దీనికి నాలుగేళ్ల ముందు ఇలాంటిదే ఇంకొకటి. 2018 జనవరిలో బెట్‌ఫ్రెడ్ సైటులో బ్లాక్‌జాక్ ఆడి ఒకతను 17 లక్షల పౌండ్లు గెలిచాడు. ఆటలో సాఫ్ట్‌వేర్ లోపం ఉందంటూ సైటు ఇవ్వనంది. 2021 ఏప్రిల్‌లో కోర్టు అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది. సైటు చూపించిన షరతులు ఇరుకిరుకు అక్షరాల్లో, పేజీల కొద్దీ, చెప్పిందే మళ్లీ చెబుతూ సాగాయని, వాటిని అతని దృష్టికి తేలేదని, పైగా వాటి మాటలు ఈ సందర్భానికి వర్తించవని తేల్చింది. పూర్తి విచారణ దాకా కూడా వెళ్లకుండానే కేసు ముగిసింది.

ఈ రెండూ చదివి "స్క్రీన్ మీద కనిపించింది ఇచ్చి తీరాల్సిందే" అనుకుంటే బోర్లా పడతాం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 2011లో ఒక పెద్దావిడ కాసినోలో చిల్లర స్లాట్ మెషీన్ ఆడుతుంటే దాదాపు 4 కోట్ల 18 లక్షల డాలర్ల బోనస్ వచ్చినట్టు స్క్రీన్ మీద పడింది. ఆ స్పిన్‌లో ఆమె నిజంగా గెలిచింది డాలరు 85 సెంట్లు. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు కాసినో వైపే నిలిచింది. మెషీన్ లోపానికి గెలుపు చెల్లదన్న బోర్డు ఉందన్న మాట అటుంచి, కోర్టు పట్టుకున్నది ఇంకో పాయింట్: ఆ ఆట నిబంధనల్లో బోనస్ అన్నదే లేదు.

ఇక్కడ మూడు తీర్పులూ ఒకే ప్రశ్న అడిగాయి. ఆడేముందు ఆట నిబంధనలు ఆటగాడికి ఏమని మాటిచ్చాయి? వైల్డ్ హ్యాటర్ చక్రాన్ని నమ్మమంది, కాబట్టి కట్టాల్సి వచ్చింది. అయోవా మెషీన్ బోనస్ ఇస్తానని ఎక్కడా అనలేదు. అందుకే ఇలాంటి తగాదాలో ముందు దాచుకోవాల్సింది జాక్‌పాట్ మెరిసిన ఫొటో కాదు, ఆ ఆట "ఎలా ఆడాలి" పేజీ కాపీ. రేపు సైటు ఆ పేజీని మార్చేస్తే మళ్లీ దొరకదు.

"ఆట ఫిక్సింగ్" అన్న ఫిర్యాదు

ఇది సాధారణంగా ఓడిపోతుంది, ఓడాల్సినదే కూడా. ఒకే సున్నా ఉన్న రౌలెట్‌లో ఎరుపు మీద వరుసగా పదిసార్లు ఓడే అవకాశం దాదాపు 780లో ఒకటి. ఒక్క మనిషికి అది కుట్రలాగే ఉంటుంది. వేల మంది ఆడే సైటులో రోజూ ఎవరో ఒకరికి పడాల్సిందే. జీఎల్‌ఐ, ఈకోగ్రా, ఐటెక్ ల్యాబ్స్ వంటి పరీక్షా సంస్థలు యాదృచ్ఛిక సంఖ్యల ప్రోగ్రామ్‌ను పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాయి. సైటు దాన్ని బల్ల మీద పెట్టగానే, వరుస ఓటముల జాబితా తప్ప ఇంకేమీ లేని ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది.

అయినా ఒకసారి కంచే చేను మేసింది. 2007లో అబ్సల్యూట్ పోకర్ సైటులో ఒక టోర్నమెంట్‌లో రెండో స్థానంలో నిలిచిన ఆటగాడికి గెలిచినవాడి ఆట మీద అనుమానం వచ్చింది. ఎదుటివాళ్ల కార్డులు కళ్లముందు ఉన్నట్టు ఆడాడని. తను ఆడిన రౌండ్ల రికార్డు పంపమని సైటును అడిగాడు. మామూలుగా వచ్చేది తన కార్డులు మాత్రమే. ఈసారి వచ్చిన ఎక్సెల్ ఫైల్లో బల్ల చుట్టూ ఉన్న అందరి మూసిన కార్డులూ ఉన్నాయి, ఆటను చూస్తున్న ఖాతాల ఐపీ అడ్రసులతో సహా. మిగతా ఆటగాళ్లు కూర్చుని ఆ ఫైలును కూలంకషంగా చదివారు. గెలిచినవాడి బల్లను ఒక ఖాతా దాదాపు మొదట్నుంచీ చూస్తూ ఉంది, దాని ఆనవాళ్లు తీస్తే కంపెనీ లోపలికే దారి తీశాయి. దానికి లైసెన్స్ ఇచ్చిన కెనడాలోని కానావాకే గేమింగ్ కమిషన్ 2008లో 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. దాని సోదర సైటు అల్టిమేట్‌బెట్‌లోనూ అలాంటి బాగోతమే బయటపడి, అదే ఏడాది 15 లక్షల డాలర్ల జరిమానా పడింది, నష్టపోయినవాళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

సాక్ష్యం బయటి నుంచి రాలేదు, సైటు రికార్డులోంచే వచ్చింది. ఆ ఫైలు ఎవరూ పొరపాటున పంపే రోజులు ఇక రావు గానీ, యూరప్‌లో ఉన్నవాళ్లకు దాదాపు అదే పని చేసే హక్కు ఒకటి ఉంది. జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం 15వ అధికరణం కింద తన గురించి సైటు దాచిన సమాచారమంతా ఇమ్మని అడగొచ్చు, మామూలుగా నెల లోపు ఇవ్వాలి. ఆట లాగ్‌లు, చాట్‌లు, ఖాతా మీద సిబ్బంది రాసుకున్న నోట్లు అందులో రావచ్చు. "అనుమానాస్పద ఆట" అంటూ ఖాతా మూసేసిన సైటు తన నోట్‌లో అసలు ఏ కారణం రాసుకుందో చూస్తే కొన్నిసార్లు కళ్లు తిరుగుతాయి.

క్రిప్టో కాసినోలు "మీరే సరిచూసుకోండి" అన్న పద్ధతి తెచ్చాయి. పందేనికి ముందే సైటు ఒక రహస్య సంఖ్య హ్యాష్‌ను (ఆ సంఖ్య నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని కోడును) ఇస్తుంది, తర్వాత ఆ సంఖ్యను బయటపెడుతుంది, మధ్యలో ఫలితం మార్చలేదని ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. పద్ధతి గట్టిదే. కానీ అది హామీ ఇచ్చేది పాచిక నిజాయితీకి, క్యాషియర్ నిజాయితీకి కాదు. ముందే అనుకున్నాం కదా, గొడవలు ఎక్కువగా ఉన్నది క్యాషియర్ దగ్గర.

పైన ఎవరున్నారు?

బ్రిటన్ లైసెన్స్ ఉన్న సైటుతో గొడవ అయితే దారి ఇలా ఉంటుంది. ముందు సైటుకే ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోయినా, లేదా ఇదే మా ఆఖరి మాట అని సైటు ముందే చెప్పేసినా, స్వతంత్ర మధ్యవర్తి సంస్థ దగ్గరికి వెళ్లొచ్చు. ఐబాస్ వాటిలో పేరున్నది, 1998 నుంచి పనిచేస్తోంది. కస్టమర్‌కు ఖర్చు లేదు, ఫీజు సైటు కడుతుంది. 10 వేల పౌండ్ల లోపు వివాదాల్లో మధ్యవర్తి తీర్పుకు సైటు కట్టుబడాలి. ఫీజు కట్టేది సైటే కాబట్టి వాళ్లకే వంత పాడతారేమో అన్న అనుమానం సహజం. ఈ సంస్థలకు గ్యాంబ్లింగ్ కమిషన్ ఆమోదం తప్పనిసరి, కాబట్టి పూర్తిగా విచ్చలవిడి కాదు. అయితే వాళ్లు చూసేది ముఖ్యంగా ఒప్పందం ఏమంటోందని. షరతే మొండిదైతే తీర్పూ మొండిగానే వస్తుంది.

కమిషన్‌కే నేరుగా రాస్తే? అది ఒక్కొక్కరి తగువులు తీర్చదు, డబ్బులు ఇప్పించదు. దాని పని లైసెన్స్ మీద. 2023 మార్చిలో విలియం హిల్ గ్రూపు చేత 1.92 కోట్ల పౌండ్లు కక్కించింది అదే. మీ ఫిర్యాదు అక్కడ ఒక ఫైలులో చేరుతుంది, ఎప్పుడో పనికొస్తుంది, కానీ మీ ఖాతాలోకి డబ్బుగా మారి రాదు. అమెరికాలోని నెవాడా పూర్తిగా వేరు. అక్కడ 500 డాలర్లు, ఆ పైన గెలుపు మీద తగువు వస్తే లైసెన్సుదారే వెంటనే గేమింగ్ కంట్రోల్ బోర్డుకు చెప్పాలి, బోర్డు మనిషే దర్యాప్తు చేసి నిర్ణయం చెప్తాడు. రెండూ పేరున్న వ్యవస్థలే, కానీ సామాన్యుడికి నెవాడా పద్ధతే మేలని నా అభిప్రాయం.

యూరప్‌లోని ద్వీప దేశం మాల్టా తన లైసెన్సుదారులకు మధ్యవర్తి సంస్థను తప్పనిసరి చేసింది. కరీబియన్ ద్వీపం కురసావ్‌లో ఏళ్ల తరబడి కొన్ని మాస్టర్ లైసెన్సుల కింద లెక్కలేనన్ని సైటులు నడిచేవి, ఫిర్యాదు చేస్తే గోడకు చెప్పుకున్నట్టే. 2024 డిసెంబరు 24 నుంచి కొత్త చట్టం వచ్చి, లైసెన్సులు నేరుగా ప్రభుత్వ సంస్థే ఇస్తోంది.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. ఒకే బ్రాండుకు రెండు మూడు దేశాల్లో వేర్వేరు కంపెనీలు, వేర్వేరు లైసెన్సులు ఉంటాయి. ప్రకటనలో కనిపించేది గట్టి లైసెన్స్, మీరు ఉన్న దేశం నుంచి ఆడితే ఒప్పందం కుదిరేది వేరే ద్వీపంలోని కంపెనీతో. షరతుల పేజీలో కంపెనీ పేరు చూసి, ఆ పేరు, సైటు చిరునామా రెండూ నియంత్రణ సంస్థ సొంత రిజిస్టర్‌లో ఉన్నాయో లేదో వెతకాలి. సైటు అడుగున మెరిసే ముద్ర మీద నొక్కితే వచ్చే పేజీని నమ్మకూడదు, ఆ పేజీ కూడా వాళ్లే కట్టి ఉండొచ్చు.

మెడలు వంచేవాళ్లు ఉన్నా పెట్టెలో డబ్బే లేకపోతే? ఫుల్ టిల్ట్ పోకర్ కథ అదే. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద పోకర్ సైటుల మీద కేసులు పెట్టింది. ఫుల్ టిల్ట్ ఆటగాళ్లకు దాదాపు 39 కోట్ల డాలర్లు బాకీ ఉండగా బ్యాంకులో ఉన్నది 6 కోట్లేనని ఆ తర్వాత బయటపడింది. కస్టమర్ల డబ్బునే సొంత ఖర్చులకు వాడేసుకున్నారు. లైసెన్స్ ఇచ్చిన ఆల్డర్నీ అనే చిన్న ద్వీపం దాన్ని రద్దు చేసింది, డబ్బు మాత్రం రాలేదు. 2012లో ఇంకో పోకర్ సైటు పోకర్‌స్టార్స్ 73.1 కోట్ల డాలర్ల ఒప్పందంతో అమెరికా ప్రభుత్వంతో రాజీపడి ఆ కంపెనీ ఆస్తులు తీసుకుంది కాబట్టి గట్టెక్కారు. అమెరికా ఆటగాళ్లకు చెల్లింపులు మొదలైంది 2014లో. బ్రిటన్‌లో ఇప్పుడు ప్రతి సైటూ కంపెనీ దివాలా తీస్తే కస్టమర్ల డబ్బుకు ఏ స్థాయి రక్షణ ఉందో షరతుల్లో చెప్పాలి. "రక్షణ లేదు" అని చెప్పడం కూడా చెప్పడమే, అది వేరే సంగతి.

కార్డు వెనక్కి తిప్పడం, ఫిర్యాదు రాయడం

బ్యాంకుకు చెప్పి డిపాజిట్‌ను ఛార్జ్‌బ్యాక్ చేయించుకోవచ్చు (కార్డు మీద కట్టింది వెనక్కి రప్పించుకోవచ్చు) కదా అని చాలామంది అడుగుతారు. మీకు తెలియకుండా కార్డు వాడితే, డబ్బు తీసుకుని ఖాతాలో వేయకపోతే తప్పకుండా. ఓడిపోయిన డబ్బు కోసం అయితే అది ఎదురు తిరుగుతుంది. సేవ అందింది, మీరే ఆడారు అని సైటు లాగ్ తీసి చూపిస్తుంది, ఖాతా మూసేస్తుంది, మిగిలిన నిల్వ కూడా ఆపేస్తుంది. క్రిప్టోతో కట్టినవాళ్లకు ఈ దారే లేదు.

ఫిర్యాదు బలంగా ఉండాలంటే కోపం తగ్గించి తేదీలు పెంచాలి. పందెం నంబరు, రౌండ్ నంబరు, సమయం ఏ టైమ్ జోన్‌లోదో, బోనస్ ఒప్పుకున్న రోజు షరతులు ఎలా ఉన్నాయో, అడిగేది ఎంతో. చాట్‌లో సపోర్ట్ మనిషి "మీ డబ్బు రేపు వస్తుంది" అన్న మాట స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి, ఆ చాట్ కిటికీ మూస్తే మళ్లీ కనబడకపోవచ్చు. ఏ షరతు కింద ఆపారో నంబరుతో సహా చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. చాలా సైటులు ఇక్కడే తడబడతాయి. "మా నిబంధనల ప్రకారం" అనడం తేలిక, ఏ నిబంధనో చూపడం కష్టం. బెదిరింపులు, తిట్లు రాస్తే మాత్రం ఖాతా మూయడానికి మనమే కారణం అందించినట్టవుతుంది.

డబ్బు రాబట్టి పెడతాం, ముందు కొంత ఫీజు కట్టండి అంటూ వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి, రెండోసారి వచ్చేది వాటిని కొనుక్కున్నవాళ్లే.

ఓడిన డబ్బు వెనక్కి అడగడం

వ్యసనం ముదిరి, తనను ఆడనివ్వొద్దని సైటుకే చెప్పినా సైటు ఆడనిచ్చిందనుకుందాం. ఆ డబ్బు వస్తుందా? మనసు అవునంటుంది. కోర్టు అంత తేలిగ్గా అనలేదు. బ్రిటన్‌లో గ్రేహౌండ్ జాతి పందెం కుక్కల శిక్షకుడు ఒకతను విలియం హిల్ మీద వేసిన కేసులో, కంపెనీ తన హామీ ప్రకారం ఆపలేదని తేలింది. అయినా 2008లో అప్పీల్ కోర్టు అతనికి పరిహారం ఇవ్వలేదు. ఇక్కడ ఆపినా అతను ఇంకోచోట ఆడి అంతే పోగొట్టుకునేవాడని కారణం చెప్పింది. చట్టం దృష్టిలో తర్కం ఉంది, వ్యసనం తెలిసినవాళ్ల దృష్టిలో నిర్దయగా ఉంది. ఐబాస్ వంటి మధ్యవర్తులు కూడా ఈ రకం ఫిర్యాదుల్లోకి దిగరు, అవి నియంత్రణ సంస్థ పరిధి అంటారు. ఈ ఖాళీని పూరించడానికే 2023 ఏప్రిల్ శ్వేతపత్రంలో బ్రిటన్ ప్రభుత్వం జూదానికి ప్రత్యేక అంబుడ్స్‌మన్‌ను ప్రతిపాదించింది. 2024 వేసవికల్లా ఫిర్యాదులు తీసుకోవాలనుకున్నారు, ఆ గడువు ఎప్పుడో దాటింది.

దీనికి పూర్తి విరుద్ధంగా ఆస్ట్రియా, జర్మనీ కోర్టులు ఇంకో దారి పట్టాయి. తమ దేశపు లైసెన్స్ లేకుండా ఆడించావు కాబట్టి ఒప్పందమే చెల్లదు, ఓడిన డబ్బంతా తిరిగివ్వు అని చాలా కేసుల్లో సైటులను ఆదేశించాయి. ఆ సైటుల్లో చాలావాటి అడ్రసు మాల్టా. 2023లో మాల్టా ఒక చట్టం చేసింది: తమ లైసెన్స్ కింద చట్టబద్ధంగా నడిచే కంపెనీల మీద వచ్చిన ఇలాంటి విదేశీ తీర్పులను తమ కోర్టులు అమలు చేయవు. ఒక యూరప్ దేశపు తీర్పును ఇంకో యూరప్ దేశం పక్కన పెట్టడం యూరోపియన్ యూనియన్ నిబంధనలకు విరుద్ధమంటూ 2025 జూన్‌లో యూరోపియన్ కమిషన్ మాల్టా మీద చర్య మొదలుపెట్టింది.